వీధంతా చేసిన బోణీ

నాలుగో రోజు కూడా జుబియా తండ్రితో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడమంటే మామూలుగా కాదు. ముస్తాక్ కొట్టు కట్టేసి పైకొస్తే ఆ పిల్ల డాబా మీదికి పోతుంది. అతను కొట్లోకి దిగాక ఈ పిల్ల వంటింట్లోకి దిగుతుంది. బావిలో రెండు చేదల్లాగా ఒకళ్లు పైనుంటే ఒకళ్లు కింద. తల్లి మెహరాజ్ చెల్లెలి పురుడని బందరు వెళ్లి కూర్చుంది. ఆవిడుంటే ఈపాటికి ఇద్దర్నీ చెరో చెవీ పట్టుకుని మాట్లాడించేది.

శుక్రవారం పొద్దున మాత్రం తప్పలేదు. జుమ్మా రోజు అందరూ కలిసి తినాలని నానమ్మ జమాల్ బీ ఎప్పుడో పెట్టిన రూలు. నలుగురూ కూర్చున్నారు. కిచిడీ పొగలు కక్కుతోంది. చెంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

లాల్ అహ్మద్ మనవరాలి మొహం చూశాడు, కొడుకు మొహం చూశాడు, మళ్లీ పళ్లెంలోకి చూసుకున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. వన్ టౌన్ బట్టల వీధిలో యాభై ఏళ్లు పరుపు మీద కూర్చుని చీరలమ్మినవాడు. ఎదటి మనిషి కొంటుందో కొనదో ఆవిడ చెప్పులు విడిచే తీరు చూసి చెప్పేవాడు. ఆ మనిషికి ఇవాళ సొంత మనవరాలి వంక నేరుగా చూడ్డానికి ధైర్యం చాలట్లేదు.

"దాదీ, రేపు సాయంత్రం అయిదింటికి ఆటని తీసేస్తున్నా," అంది జుబియా.

నానమ్మకి చెప్తున్నట్టే చెప్పింది గానీ, మాట ఎవరికో అందరికీ తెలుసు.

జమాల్ బీ గరిటె కింద పెట్టి, రెండున్నరేళ్లు చేసింది రెండు వారాలకే తీసేయడమేంటని అడిగింది. ఆన్‌లైన్ దుకాణంవాళ్లు ఉత్తరం పంపారని జుబియా చెప్పింది. రేపు అయిదు లోపు సంజాయిషీ ఇవ్వకపోతే వాళ్లే ఆటని దుకాణంలోంచి తీసి పారేస్తారట. ఒకసారి వాళ్లు గెంటేశాక, ఇంక ఆ పేరు మీద ఇంకో ఆట కూడా పెట్టనివ్వరట.

"వాళ్లు మెడపట్టి గెంటేదాకా ఎందుకు దాదీ. మనమే దిగిపోదాం."

"సంజాయిషీ ఏదో ఇవ్వొచ్చు కదే."

"ఏమని ఇవ్వను? ఆట బాగుందని ఆ నలభై మూడు దొంగ మాటలు ఎవరు రాయించారో వాళ్లనే ఇమ్మను."

ముస్తాక్ చేతిలో చెంచా ఆగింది. అతను తలెత్తి కూతుర్ని చూళ్లేదు. తండ్రి వంక చూశాడు. ఒక్క క్షణం. తర్వాత మిగిలిన కిచిడీ గబగబా తినేసి, చెయ్యి కడుక్కుని, కొట్టు తాళాలు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ చూపు ఎందుకో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. దిగిపోయినవాడికీ, లాల్ అహ్మద్‌కీ.

రాయించింది ముస్తాక్ కాదు మరి. లాల్ అహ్మదే.

*

జుబియా, స్టెల్లా కలిసి చేసిన కంప్యూటర్ ఆట పేరు 'దారివ్వండి'. ఆ పిల్లలిద్దరికీ కంపెనీ లేదు, జీతమిచ్చేవాళ్లు లేరు. డాబా మీద రేకుల గదిలో రెండు కంప్యూటర్లు, ఒక పాత ఫ్యాను. బొమ్మలన్నీ స్టెల్లా గీసింది. ఆ బొమ్మల్ని నడిపించేది జుబియా.

మొదటి రోజు అమ్మకానికి పెట్టినప్పుడు లాల్ అహ్మద్ కూడా పైకెళ్లి కూర్చున్నాడు. పొద్దుట్నించీ సాయంత్రం దాకా మనవరాలు ఆ తెర ముందు కూర్చుని, ఎవరన్నా కొన్నారా అని అయిదేసి నిమిషాలకోసారి చూసుకుంది. ఒక్కరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. ఈగలు తోలుకునే కొట్టు ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. ఆ కూర్చోవడమూ తెలుసు.

బట్టల వీధిలో ఒక పద్ధతుంది. కొత్త కొట్టు తెరిస్తే, మొదటి బేరం బయటివాడి మీద వదిలెయ్యరు. అటు పది కొట్లవాళ్లు, ఇటు పది కొట్లవాళ్లు వచ్చి తలో లుంగీయో తువ్వాలో కొని బోణీ చేస్తారు. కొని ఊరుకోరు. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, "సరుకు గట్టిది, రంగు పోదు" అని నలుగురికీ వినపడేలా అంటారు. లాల్ అహ్మద్ కొట్టు తెరిచిన రోజు అలాగే చేశారు. ఆ తర్వాత ఆయన ఎంతమందికి చేశాడో లెక్కలేదు.

మూడో రోజు పొద్దున ఆయన చేతికర్ర తీసుకుని వీధిలోకి దిగాడు. మా మనవరాలు కొట్టు తెరిచింది, బోణీ కాలేదు అన్నాడు. అంతే. ఇంకో మాట అడిగినవాడు లేడు.

అయితే ఎవరికీ ఆ కొనడం రాదు. పక్క కొట్లో బిల్లులు కొట్టే సిద్ధార్థ అందరి పేర్ల మీదా తన కంప్యూటర్లోనే ఖాతాలు తెరిచి, ఆట కొని, కాసేపు తెరిచి మూశాడు. కింద ఏదో రాయాలంటున్నారు సాయిబు గారూ, ఏం రాయమంటారని అడిగాడు. లాల్ అహ్మద్ అలవాటు కొద్దీ చెప్పాడు. "ఇంటిల్లిపాదీ ఆడుకోదగ్గ ఆట. సరుకు గట్టిది, రంగు పోదు."

నలభై మూడు మంది పేరు మీద అదే పడింది.

ఆ మాటలు చూసి కొత్తవాళ్లు కొనాలో వద్దో తేల్చుకుంటారని ఆయనకి తెలీదు. ఎవరెంతసేపు ఆడారో కూడా పేరు పక్కనే పడుతుందని అసలే తెలీదు. నలభై మూడు మందీ నాలుగేసి నిమిషాలు. నాలుగు రోజుల్లో కింద వెక్కిరింపులు మొదలయ్యాయి. రంగు పోకపోవడానికి ఇదేమన్నా లుంగీనా అని ఒకడు. ఆడకుండానే పొగిడే ఈ బంధువర్గం ఎవరని ఇంకొకడు. కొందామని వచ్చినవాళ్లు అవి చదివి గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు.

బట్టల మాట కనపడగానే జుబియా తండ్రి మీద పడింది. ఆటకి ప్రచారంగా పెట్టిన వీడియో ఆయన చేసిందే కదా, ఇదీ ఆయన పనే అనుకుంది. ముస్తాక్ కాదనలేదు. అవుననీ అనలేదు. తిట్లన్నీ వింటూ నిలబడ్డాడు.

ఆ వేళ లాల్ అహ్మద్ మంచమ్మీదే ఉన్నాడు. నోరు తెరుద్దామనుకున్నాడు. మనవరాలి కోపం చూశాక నోరు రాలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. తర్వాత అంటే ఇదిగో, నాలుగు రోజులు.

*

పదిన్నరకి స్టెల్లా వచ్చింది. జుబియా బ్యాంకు పని మీద బయటికెళ్లింది. స్టెల్లా మెట్ల దగ్గరే ఆగి, పైన గదిలో సామాను సర్దుకోడానికొచ్చానని మెల్లగా చెప్పింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

స్టెల్లా అంతోని మనవరాలు. అంతోని అంటే ముప్ఫై ఏళ్లు లాల్ అహ్మద్ కొట్టుకి తోపుడు బండి మీద బట్టల బేళ్లు తోలినవాడు.

"సర్దడం తర్వాత," అన్నాడు లాల్ అహ్మద్. "నన్ను పైకి తీసుకెళ్లు. ఆ ఆటేంటో నాకు చూపించు. ఇంతమంది చేత బాగుందనిపించాను గానీ నేనే చూళ్లేదు."

స్టెల్లా ఆయన మొహంలోకి చూసింది. ఆ మాటలో ఏముందో ఆ పిల్లకి అర్థమైంది. ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది.

ముందు వీడియో పెట్టింది. కొనేవాళ్లకి మొదట కనపడేది అదే. డప్పులు దద్దరిల్లాయి. తెరంతా నిప్పులు. తోపుడు బండి ఒకటి బ్యారేజీ మీద నుంచి గాల్లోకి లేచి, కృష్ణ దాటి, అవతల పేలిపోయింది. 'దమ్ముంటే లాగు' అని అక్షరాలు మంటల్లో పడ్డాయి. వెనక ముస్తాక్ గొంతు, సినిమా వాళ్లలాగా బొంగురు చేసుకుని, ఇండియాలోనే ఇలాంటి ఆట రాలేదంటోంది.

"బానే ఉంది," అన్నాడు లాల్ అహ్మద్ అనుమానంగా. "ఇప్పుడు ఆట పెట్టు."

స్టెల్లా పెట్టింది. ఆయన చేతివేళ్లు తీసి మీటల మీద పెట్టి, ఇది నడక, ఇది ఆగడం, ఇది దారడగడం అని చెప్పింది.

తెల్లవారుజాము. పాత బట్టల వీధి. మూసిన తలుపులు, వీధి కుళాయి కింద బిందెలు. ఒక ముసలాయన తలపాగా విప్పి, నాలుగు మడతలేసి, ఎడమ భుజం మీద వేసుకుని, ఆ భుజం బండికి ఆనించి తొయ్యడానికి వంగాడు. లాల్ అహ్మద్ తెర దగ్గరికి జరిగాడు. అంతోని అచ్చం అలాగే వంగేవాడు. ఎప్పుడూ ఎడమ భుజమే.

బండి కదిలింది. తొందరపడితే బేళ్లు జారిపోతున్నాయి. మెల్లగా పోవాలి. ఎదురుగా ఆవు పడుకుంది, ఆగాలి. పాలమ్మే ఆవిడ అడ్డమొచ్చింది. దారివ్వండమ్మా అని అడిగితే పక్కకి జరిగి, ఇంట్లో కులాసానా అని పలకరించింది. అలా ఒక్కో మనిషినీ అడుక్కుంటూ, పలకరిస్తూ, వీధి చివరిదాకా.

ఆయన గంటన్నర ఆడాడు. మధ్యలో టీ వచ్చి చల్లారిపోయింది. ఆవు లేచేదాకా నిజంగానే కూర్చున్నాడు.

తర్వాత అడిగాడు. "అమ్మాయీ, ఇందులో ఆ నిప్పులెక్కడున్నాయి?"

"లేవు తాతగారూ."

"బండి ఎగిరేది?"

"అదీ లేదు."

"మరి వీడియోలో ఎందుకు పెట్టారు?"

స్టెల్లా కాసేపు తన గోళ్లు చూసుకుంది. ముస్తాక్ మావయ్య వారం రోజులు కొట్టు కట్టేశాక కూర్చుని, ఎక్కడెక్కడి నుంచో బొమ్మలు తెచ్చి ఎంతో ఇష్టంగా అతికించాడని చెప్పింది. ఆయన మొహం చూసి వద్దని ఇద్దరం చెప్పలేకపోయాం అంది. "తప్పు ఆయన ఒక్కడిదే కాదు తాతగారూ. మాకు నచ్చలేదని ముందే చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకుండా పెట్టేశాం. నిప్పులు చూసి కొన్నవాళ్లు లోపల ఆవుని చూసి డబ్బు వెనక్కిమ్మన్నారు. ఇలాంటి మెల్లటి ఆట కావాలనుకునేవాళ్లు నిప్పులు చూసి లోపలికే రాలేదు."

లాల్ అహ్మద్ నవ్వాడు.

చాన్నాళ్ల కిందట తనూ ఇదే చేశానని స్టెల్లాకి చెప్పాడు. అందరూ కొట్ల ముందు బొమ్మలు నిలబెడుతున్నారని తనూ ఒక ప్లాస్టిక్ బొమ్మ కొని, తళతళలాడే చెమ్కీ చీర కట్టి, చుట్టూ ఎర్ర బల్బులు, పచ్చ బల్బులు పెట్టాడు. లోపల మటుకు ఎప్పటి నేత చీరలే. నెల రోజులు బేరం సగానికి పడిపోయింది. ఎందుకో అంతుపట్టలేదు. హనుమాన్ జంక్షన్ పక్క పల్లె నుంచి ఏటా వచ్చే పద్మావతమ్మ అనే రైతు ఇంటావిడ, ఒకనాడు వానకి తలదాచుకోవడానికి లోపలికొచ్చి ఆశ్చర్యపోయింది.

సాయిబు గారూ, ఇది మీ కొట్టేనా అందట. రెండుసార్లు ముందునించి పోయాను, ఆ బొమ్మని చూసి, ఇది మనలాంటోళ్లకి కాదులే అని పక్కకి తప్పుకున్నానందట.

"ఆ బొమ్మ ఇప్పుడెక్కడుంది తాతగారూ?" అంది స్టెల్లా.

"పెరట్లో. జుబియా నానమ్మ దాని మీద దుప్పట్లారేస్తుంది."

ఆ పిల్ల నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆయన కర్ర పట్టుకుని లేవబోయి ఆగాడు. ఆట కింద తిట్లు రాసినవాళ్లలో అందరికంటే గట్టిగా తిట్టింది ఎవరో చదవమన్నాడు. ఎవరో పేరు కూడా పెట్టుకోలేదు, అంకెలే ఉన్నాయి. 'పైన వీడియోలో నిప్పులు. లోపల తోపుడు బండి. కింద నలభై మూడు మందిదీ ఒకటే మాట. వీళ్లని నమ్మకండి' అని రాశాడు.

"వీడు ఎంతసేపు ఆడాడు?"

స్టెల్లా చూసింది. కళ్లు చిట్లించి మళ్లీ చూసింది.

"పదకొండు గంటలు."

"చూశావా. కొట్లో రెండు గంటలు కూర్చుని, యాభై చీరలు విప్పించి, ఏం బాలేదని విసుక్కుంటూ పోయినావిడే మళ్లీ వస్తుందమ్మా. నచ్చనివాడు అంతసేపు కూర్చోడు. వీడికి కోపం ఆట మీద కాదు. మన మీద."

*

జుమ్మా నమాజు నుంచి వచ్చాక లాల్ అహ్మద్ ఇంటికి పోకుండా నేరుగా కొట్లోకెళ్లి పరుపు మీద కూర్చున్నాడు. పాత చోటు. ముస్తాక్ దిండు తెచ్చి వీపు వెనక పెట్టాడు.

జుబియాని కిందకి పిలవమని కబురు చేశాడు. ఆ పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడింది. లోపల తండ్రి ఉన్నాడు గదా. వెనకాలే ఏమైందోనని జమాల్ బీ కూడా దిగింది.

"ఆ నలభై మూడూ నేను రాయించాను," అన్నాడు లాల్ అహ్మద్.

ఆయన మాట అసలే నెమ్మది. ఇవాళ ఇంకా నెమ్మదిగా వచ్చింది. వీధిలోకి దిగింది, బోణీ అడిగింది, సిద్ధార్థ కంప్యూటరు, రంగు పోదు అన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. నాలుగు రోజులు మీ నాన్న నా మీద పడాల్సిన తిట్లు తింటుంటే చూస్తూ కూర్చున్నాను, అదింకా పెద్ద తప్పు అన్నాడు.

జుబియా తాత వంక, తర్వాత నేల వంక చూసింది.

జమాల్ బీ మాత్రం పైట సర్దుకుంది. "పెళ్లయిన కాణ్ణించీ చూస్తున్నా. ఈయన చెయ్యని తప్పు లేదు. ఒప్పుకున్నది ఇదొక్కటే. గుర్తు పెట్టుకోండి, మళ్లీ దొరకదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వు గొంతులోదాకా వచ్చి ఆగినట్టుంది అందరికీ.

"నువ్వెందుకు చెప్పలేదు?" అంది జుబియా.

తండ్రి మొహం చూడకుండానే అడిగింది. ముస్తాక్ గుడ్డ తాను చుట్టడం ఆపలేదు.

"మీ తాత ఈ వీధిలో యాభై ఏళ్లు తల ఎత్తుకు తిరిగాడమ్మా. నీ ముందు తల దించుకుంటే నేను చూడలేను. నాకు తిట్లు అలవాటే."

వీధిలో ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"అంతోని తాత కూడా కొన్నాడా?" అంది జుబియా కొంతసేపటికి.

"కొన్నాడు."

"ఆయన దగ్గర కంప్యూటర్ లేదు."

"లేదు. నేనూ అదే అన్నాను. బోణీకి సరుకు అక్కర్లేదు సాయిబు గారూ, చెయ్యి చాలు అన్నాడు."

జుబియా గుమ్మానికి ఆనుకుని, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నలభై మూడు పేర్లు ఫోన్లో తీసి ఒక్కోటీ చదివింది. ఇన్నాళ్లూ ఆ జాబితా చూసి ఒళ్లు మండిన పిల్ల. ఇప్పుడు పేరు వెనక మనిషి కనపడుతున్నాడు. టీ కొట్టు శౌరమ్మ. బేళ్లు కుట్టే ఆయన. తను చిన్నప్పుడు తప్పిపోతే ఎత్తుకుని ఇంటికి తెచ్చిన జరీ కొట్టు గుమాస్తా.

"వీళ్లందర్నీ నేను దొంగలన్నాను దాదా," అంది.

"తెలీక అన్నావు. మేం తెలీక చేశాం. చెల్లుకి చెల్లు."

కళ్లు తుడుచుకుంది గానీ, లేచి తండ్రి దగ్గరికి పోలేదు. వీడియో సంగతి ఇంకా మధ్యలోనే ఉంది. అది ఇద్దరికీ తెలుసు. ముస్తాక్ గుడ్డ చుట్టడం అయిపోయినా మళ్లీ విప్పి చుడుతున్నాడు.

లాల్ అహ్మద్ ఆ పక్కనే ఉన్న మంగళగిరి చీర ఒకటి తీసి మనవరాలి చేతికిచ్చి, ఇది ఏ రంగని అడిగాడు. ట్యూబ్‌లైటు కింద చూసి ముదురు నీలం అంది. గుమ్మం అవతలకి పట్టుకుని చూడమన్నాడు. ఎండలో అది వంకాయ రంగు. నిజాం అంచు కూడా విడిగా తేలింది.

"బల్బు కింద అన్ని చీరలూ బానే ఉంటాయమ్మా. నేను ఎవరికమ్మినా గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూపించి అమ్మాను. ఎండలో చూసి వద్దన్నవాళ్లు వద్దన్నారు. కొన్నవాళ్లు మటుకు తిరిగొచ్చి తిట్టలేదు. నీ ఆటని ఎండలో చూపించు. రేపు అయిదు దాకా టైముంది గదా."

*

శనివారం పొద్దున్నే రేకుల గదిలో ఫ్యాను తిరిగింది.

జుబియా, స్టెల్లా ఆటని ఉన్నదున్నట్టు నిమిషం పాటు తీశారు. తలపాగా మడత పెట్టడం, భుజం మీద వేసుకోవడం, బండి కదలడం, ఆవు దగ్గర ఆగడం. డప్పుల్లేవు. చక్రం కిర్రుమనే చప్పుడొక్కటే.

కింద మంచమ్మీద కూర్చుని లాల్ అహ్మద్ సంజాయిషీ చెప్పాడు. జుబియా దిగొచ్చి టైపు చేసింది. ఇంగ్లీషులో తర్వాత పెట్టుకుందాం, ముందు నువ్వు చెప్పు దాదా అంది. ఆయన ఒక్కో మాటా ఆలోచించుకుని చెప్పాడు.

"అయ్యా, నా పేరు లాల్ అహ్మద్. బట్టల వ్యాపారిని. ఆ నలభై మూడు మాటలూ నేను చెప్పి రాయించాను. పిల్లలకి తెలీదు. మా వీధిలో కొత్త కొట్టుకి చుట్టుపక్కలవాళ్లం కొని బోణీ చేసి, బాగుందని చెప్తాం. మా దగ్గరికొచ్చేవాళ్లకి మేమెవరమో తెలుసు. మా మాట ఎంతవరకు నమ్మాలో కూడా తెలుసు. మీ దగ్గరికొచ్చేవాళ్లకి తెలీదు. ఆ తేడా నాకు తట్టలేదు. ఆ మాటలు వెనక్కి తీయిస్తున్నాను. ఆట మటుకు ఒకసారి ఆడి చూడండి."

ఆ అంకెల పేరువాడికి జుబియా తనే రాసింది. మీరు రాసింది నిజం, కొత్త వీడియో పెడుతున్నాం, పదకొండు గంటలు మా వీధిలో ఉన్నందుకు రుణపడి ఉంటాం అని. ఇంకేం రాయలేదు.

లాల్ అహ్మద్ కర్ర తీసుకుని వీధిలోకి దిగాడు. ఈసారి జుబియా కూడా పక్కనే నడిచింది. కొట్టు కొట్టుకీ వెళ్లి, మీ మాట వెనక్కి తీసుకోండి, మీ మేలు మటుకు ఉంచుకుంటాం అని చెప్పారు. ఎవరూ తప్పు పట్టలేదు. శౌరమ్మ అయితే, మంచి చేద్దామని పిల్ల నెత్తిన కుంపటి పెట్టామా అని నొచ్చుకుంది. జుబియా ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. మీరంతా రాకపోతే ఆ మూడో రోజే మూసేసేదాన్ని పిన్నీ అంది. అది అబద్ధం కాదు. సిద్ధార్థ ఒక్కో ఖాతా తెరిచి మాట తీసేస్తూ పోయాడు. నలభై రెండు తీశాడు.

నలభై మూడోది అంతోనిది. ఆయన తియ్యనన్నాడు.

"బోణీ వెనక్కి తీసుకోడం ఎక్కడన్నా ఉందా సాయిబు గారూ," అన్నాడు ఇంటి అరుగు మీద కూర్చుని. పక్కన స్టెల్లా కంప్యూటరు. పొద్దుట్నించీ అదే పని, మనవరాలు నిన్న రాత్రి తెచ్చి నేర్పిందట. "కావాలంటే మీరు చెప్పిన మాట కొట్టెయ్యండి. రంగు సంగతి నాకేం తెలుసు. నా మాట నేను చెప్తా, రాయండి."

చెప్పాడు. జుబియా అక్కడే నిలబడి రాసింది. 'ఎడం భుజం నొప్పి ఇంట్లోవాళ్లకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఈ పిల్లలకెలా తెలిసిందో. బండి తోలిన మూడు గంటలూ నాకు ఎవరో సాయం పట్టినట్టుంది.'

పేరు పక్కన మూడు గంటలని పడింది. సొంత చేత్తో ఆడిన మూడు గంటలు. తాత ఎవరి బండి తోలేవాడో, మనవరాలు ఏం గీసిందో కూడా ఆ కిందే రాయించింది స్టెల్లా. దాపరికం వద్దు అంది.

నాలుగింటికి అన్నీ సిద్ధమయ్యాయి. కొత్త వీడియో మొదట్లో మటుకు ఏదో వెలితిగా ఉందని ఇద్దరూ తల పట్టుకున్నారు. చక్రం చప్పుడు సరే, మనిషి గొంతు లేదు. జుబియా ఏదో తట్టి, తండ్రి చేసిన పాత వీడియో తెరిచింది. డప్పులు తీసేసింది. పేలుళ్లు తీసేసింది. ఆ బొంగురు గొంతు కూడా తీసేసింది. అన్నిటి అడుగునా, చివర్లో, ఎవరికీ వినపడకుండా ఒక మాట ఉంది. ముస్తాక్ మామూలు గొంతు.

"కొంచెం దారివ్వండి బాబూ... దారివ్వండమ్మా..."

తన చిన్నతనంలో సెలవుల్లో అంతోని బండి వెనక చెయ్యేసి తోస్తూ అరిచిన అరుపునే మళ్లీ అలాగే అరిచాడు. ఎక్కడా నటన లేదు.

జుబియా దాన్ని రెండుసార్లు వింది. మూడోసారి గట్టిగా పెట్టింది. కింద కొట్లో గుడ్డ కొలుస్తున్న ముస్తాక్ చెయ్యి ఆగిపోయింది. బేరానికొచ్చినావిడ ఏమైందండీ అని అడిగింది. ఏం లేదమ్మా అన్నాడు. గుడ్డ మళ్లీ మొదట్నించీ కొలిచాడు.

పాత వీడియో తీసేశారు. మొదట్లో ఆ గొంతు చేర్చి, ఎండలో తీసింది పెట్టారు. ఉత్తరం పంపారు. అయిదింటికి పది నిమిషాలుంది.

అందరూ కొట్లో పరుపు మీదికే చేరారు. జమాల్ బీ తస్బీ పూసలు తిప్పుతోంది. స్టెల్లా గోళ్లు కొరుకుతోంది. అయిదయింది. అయిదుంపావయింది. ఫోను మోగింది, ఎవరో చుట్టం. మళ్లీ మోగింది.

జుబియా చూసింది. దుకాణంవాళ్ల దగ్గర్నించి జవాబు. తెరవడానికి వేలు పెట్టి, తీసేసింది. లేచి, పరుపు అంచున కూర్చున్న తండ్రి దగ్గరికెళ్లి ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వే తెరువు అబ్బాజాన్."

అయిదు రోజుల తర్వాత మొహం చూసి అన్న మొదటి మాట.

లాల్ అహ్మద్ మనసులో అనుకున్నాడు. యా అల్లా, ఆ ఉత్తరంలో ఏమున్నా సరే, ఇది ఇచ్చావు, నాకు చాలు.

ముస్తాక్ చెయ్యి చొక్కాకి తుడుచుకుని, కళ్లద్దాలు వెతుక్కుని పెట్టుకున్నాడు. పెదాలు కదుపుకుంటూ చదవడం మొదలెట్టాడు. రెండు లైన్లు చదివాడు. అక్కడ ఆగిపోయాడు.

తలెత్తి కూతుర్ని చూళ్లేదు. మళ్లీ తండ్రి వంకే చూశాడు, ఈసారి నవ్వుతూ.